కీబోర్డ్ ఫోన్ కావాలా: ట్రియో, బోల్డ్, ఇ71, జీ1లలో ఏది ఎవరికి?

పాత కీబోర్డ్ ఫోన్ ఒకటి సంపాదించి వాడుకోవాలని ఉంది, ఏది తీసుకోమంటారు అని అడిగేవాళ్లకు నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. మీరు నిలబడి టైపు చేస్తారా, కూర్చుని చేస్తారా? కెమెరా గురించో మెమరీ గురించో అడక్కుండా ఇదేం ప్రశ్న అని చాలామంది ముఖం పెడతారు. కానీ ఈ తరం ఫోన్లను ఇంట్లో, పనిలో, రైళ్లలో, విమానాశ్రయాల్లో ఏళ్ల తరబడి వాడాక నాకు తేలింది ఇదే. స్క్రీన్ కింద కదలకుండా ఉండే కీబోర్డ్ నిలబడి రాసేవాళ్లది. స్క్రీన్ వెనక నుంచి జారి బయటికొచ్చే కీబోర్డ్ కూర్చుని రాసేవాళ్లది. మిగతా తేడాలన్నీ దీని తర్వాతే.

పోల్చడానికి నాలుగు ఫోన్లు తీసుకున్నాను. 2004లో పామ్‌వన్ సంస్థ తెచ్చిన ట్రియో 650, 2008లో వచ్చిన బ్లాక్‌బెర్రీ బోల్డ్ 9000, అదే ఏడాది వచ్చిన నోకియా ఇ71, ఆ అక్టోబరులోనే అమ్మకానికి వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్. ఈ చివరిదాన్ని ఎక్కువమంది టీ-మొబైల్ జీ1 అనే ఎరుగుదురు, నేనూ జీ1 అనే అంటాను. వీటికి చాలా ముందే, 1996లో, నోకియా 9000 కమ్యూనికేటర్ వచ్చింది. కళ్లజోడు పెట్టెలా తెరిస్తే లోపల నిండు కీబోర్డ్, బరువు 397 గ్రాములు. దాన్ని చేతిలోకి తీసుకుంటే ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది. అయితే అది జేబులో వేసుకుని తిరిగే బరువు కాదు గనుక ఈ పోలికలోకి తేవడం లేదు.

చేతిలో పట్టుకుంటే

ఇ71తో మొదలుపెడతాను, ఎక్కువసార్లు నా ఓటు దానికే పడుతుంది. బరువు 127 గ్రాములు, మందం 10 మిల్లీమీటర్లు, వెడల్పు 57. ఈ 57ను గుర్తుపెట్టుకోండి. కుడి చేత్తో ఫోన్ పట్టుకుంటే అదే చేతి బొటనవేలు ఎడమ కొసనున్న క్యూ మీట దాకా సాగేది ఈ వెడల్పు వల్లే. మీటలు మరీ చిన్నవి, మొదటిసారి చూస్తే వీటి మీద రాయడం మన వల్ల అవుతుందా అనిపిస్తుంది. కానీ ప్రతి మీటా నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బు వేలి మెత్తకు తగులుతుంది. వారం రోజులు వాడితే చూడకుండా రాయడం పట్టుబడుతుంది.

ఒకసారి కిక్కిరిసిన బస్సులో నిలబడి ఉన్నాను. ఎడమ చేయి పైనున్న కమ్మీని వదలడానికి లేదు. భుజాన సంచి. నాకోసం వచ్చేవాళ్లు ఏ ద్వారం దగ్గర ఉండాలో చెప్పాలి. జేబులోంచి ఇ71 తీసి కుడి బొటనవేలొక్కదానితో నాలుగు ముక్కలు రాసి పంపాను. బస్సు కుదిపినప్పుడల్లా వేలు పక్కకు జరిగేది, మళ్లీ ఆ ఉబ్బు ఆనవాలు పట్టుకుని తన చోటికి వచ్చేది. స్క్రీన్ వైపు చూసింది పంపేముందు ఒక్కసారే.

బోల్డ్ 9000 అంత సన్నం కాదు. వెడల్పు 66 మిల్లీమీటర్లు. ఆ 9 మిల్లీమీటర్ల తేడాతోనే ఒంటిచేతి రాత దాదాపు పోయింది, రెండు బొటనవేళ్ల రాత వచ్చింది. రెండు బొటనవేళ్లతో రాసేవాళ్లకు మాత్రం ఇంతకంటే మంచి కీబోర్డ్ నేను చూడలేదు. మీటల వరసల మధ్య గిటారు మెడ మీద ఉండేలాంటి సన్నని లోహపు పట్టీలు ఉంటాయి. మీటలకు వాలు ఉంటుంది, ఎడమవైపువి ఒకలా, కుడివైపువి ఒకలా. వేలు ఏ వరసలో ఉందో పట్టీ చెబుతుంది, వరసలో ఎక్కడుందో వాలు చెబుతుంది. పైగా రాసేవాడి మనసెరిగిన చిన్న చిన్న ఏర్పాట్లు చేశారు. స్పేస్ రెండుసార్లు నొక్కితే చుక్క పడి తర్వాతి అక్షరం పెద్దదవుతుంది. అక్షరాన్ని నొక్కిపట్టుకుంటే అదే పెద్దక్షరం. మెయిల్ చిరునామా రాసేచోట స్పేస్ కొడితే అట్ గుర్తు, మళ్లీ కొడితే చుక్క. పెద్ద ఉత్తరాలు దాని మీదే పూర్తిచేసి, ఇంటికెళ్లి కంప్యూటర్ తెరవని రోజులు నాకు చాలా ఉన్నాయి.

ట్రియో 650 బరువు 178 గ్రాములు, తల మీద పొట్టి యాంటెన్నా. గుండ్రటి బుడిపెల్లాంటి మీటలు. గోరు పెరిగితే వాటి మీద వేగం పెరుగుతుంది, నిజంగానే. దీనికి ఇ71లోనూ బోల్డ్‌లోనూ లేని సుఖం ఒకటుంది. స్క్రీన్ తాకితే పనిచేస్తుంది, సన్నని పుల్లతో గీయవచ్చు, కీబోర్డూ ఉంది. పేరులోని మొదటి అక్షరాలు కొడితే మనిషి నంబరు వచ్చేస్తుంది. ఫోన్ నెత్తిన ఒక జారుడు మీట ఉంటుంది, దాన్ని తోస్తే మోత ఆగి అదురు మాత్రం మిగులుతుంది. మీటింగు గదిలోకి అడుగుపెడుతూ జేబులో చేయి పెట్టి ఆ మీట తోయడం ఎంత హాయో, స్క్రీన్ తెరిచి సెట్టింగులు వెతుక్కునేవాళ్లకు చెప్పాలి.

జీ1కు చేతిలో వేరే జీవితం. స్క్రీన్‌ను తోస్తే అది నేరుగా జరగదు, చిన్న వంపు తిరిగి పైకి లేచి కూర్చుంటుంది. కింద అయిదు వరసల కీబోర్డ్, అంకెలకు ప్రత్యేకంగా ఒక వరస, వెతకడానికి విడిగా ఒక మీట. ఒళ్లో పెట్టుకునో బల్ల మీద మోచేతులు ఆనించో రాస్తే హాయిగా ఉంటుంది. కానీ అడుగు భాగంలో ఫోన్ గడ్డంలా ముందుకు వంగి ఉంటుంది. ఫోన్ అడ్డంగా పట్టుకున్నప్పుడు ఆ గడ్డం కుడివైపుకొస్తుంది, కుడి బొటనవేలు దాన్ని దాటుకుని మీటల మీదికి రావాలి. నిలబడి, ఒక చేత్తో? అది అయ్యే పని కాదు. 2009 ఏప్రిల్‌లో ఆండ్రాయిడ్ 1.5 వచ్చేదాకా స్క్రీన్ మీద కీబోర్డే లేదు గనుక, ఒక్క "సరే" అని బదులివ్వాలన్నా ఫోన్‌ను తెరవాల్సిందే.

దారిలో

ప్రయాణంలో నేను మొట్టమొదట చూసేది బ్యాటరీ. నాలుగింటికీ బ్యాటరీ తీసి మార్చుకోవచ్చు. ఈ ఒక్క గుణానికే ఈ తరాన్ని నేను ఇప్పటికీ ప్రేమిస్తాను. ట్రియోలో 1800 ఎంఏహెచ్, బోల్డ్‌లోనూ ఇ71లోనూ 1500, జీ1లో 1150. అంకెల్లో తేడా కొంచెంగానే కనిపిస్తుంది, రోజులో మాత్రం చాలా ఉంటుంది. ఇ71 నాకు రెండు రోజులు వచ్చేది. జీ1 3జీ మీద మెయిలూ క్యాలెండరూ ఎడతెగకుండా సరిచూసుకుంటూ ఉండేది, పెద్ద స్క్రీన్ వెలిగించాలి, ఉన్నదేమో అందరికంటే చిన్న బ్యాటరీ. సాయంత్రానికి చార్జర్ దగ్గరుండేలా రోజును కుదుర్చుకోవాలి. ట్రియోలో 3జీ లేదు, వైఫై లేదు. ఆ లేమే దానికి ఆయుష్షు పోసింది.

ఒక రాత్రి తెలియని ఊళ్లో రైలు దిగేసరికి నా చేతిలోని ఫోన్ ఆరిపోయింది. బస చిరునామా అందులోనే ఉంది. వీధి దీపం కింద నిలబడి, సంచి అడుగునున్న రెండో బ్యాటరీ కోసం చేత్తో తడిమి వెతికి, మూత తీసి మార్చాను. నిమిషంలో చిరునామా కళ్ల ముందుంది. ఆ రోజు నుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను: నిండుగా చార్జి చేసిన రెండో బ్యాటరీని చొక్కా జేబులో ఉంచుకోవడం, చిరునామాను కాగితం మీద కూడా రాసుకోవడం. మీరు ఏ ఫోన్ ఎంచుకున్నా మొదటిది చేయండి. రెండోది ఎలాగూ చేయండి.

తర్వాతది దారి. ఇక్కడ ఇ71కు పోటీ లేదు. మ్యాపులను ముందే కంప్యూటర్ ద్వారా మెమరీ కార్డులోకి ఎక్కించుకుంటే, సిమ్ లేకపోయినా నెట్ లేకపోయినా వీధులన్నీ కనిపించేవి. 2010లో నోకియా తన ఫోన్లలో దారి చెప్పే సేవను ఉచితం చేసింది. బోల్డ్‌లోనూ జీ1లోనూ జీపీఎస్ ఉంది, కానీ ఆనాటి మ్యాపులు నెట్ ద్వారా ముక్కముక్కగా రావాలి. పరాయి దేశంలో దిగి రోమింగ్ డేటా ఆపేసినవాడికి వాటిలో మిగిలేది ఖాళీ గళ్ల మీద ఒక చుక్క. ట్రియోలో జీపీఎస్ లేదు, బ్లూటూత్‌తో విడి రిసీవరు జత చేసుకోవాల్సి వచ్చేది.

నెట్ లేకుండా జీపీఎస్ వాడేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున, అంటే నత్తనడకన, 30 సెకన్లకొకసారి తిరిగి తిరిగి పంపుతుంది. నెట్ ఉంటే ఫోన్ ఆ వివరాలను అక్కడి నుంచి తెచ్చుకుంటుంది, లేకపోతే ఆకాశం నుంచే పూర్తిగా వినాలి. నడుస్తూ, మేడల నీడల్లోకి వెళ్తూ వస్తూ ఉంటే మాట మధ్యలో తెగుతుంది, మళ్లీ మొదటి నుంచి వినాలి. అందుకే స్టేషన్ బయటికి రాగానే ఆకాశం బాగా కనిపించే చోట రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడండి. జీపీఎస్ పనిచేయడం లేదని విసుక్కున్నవాళ్లలో చాలామంది నడక ఆపనివాళ్లే.

ఇ71కు ప్రయాణంలో ఇంకా రెండు మంచి గుణాలు. ఇంటర్నెట్ కాల్స్‌కు కావలసిన సిప్ సదుపాయం ఫోన్‌లోనే ఉంది, బసలో వైఫై దొరికితే దూరాన ఉన్న ఇంటికి అలా మాట్లాడుకోవచ్చు. జోయికుస్పాట్ అనే అప్లికేషన్ వేస్తే ఆ చిన్న ఫోనే వైఫై హాట్‌స్పాట్ అయ్యేది, 2008లో అది చిన్న సంగతి కాదు. దాని తోబుట్టువు ఇ63లో స్పేస్ మీట నొక్కిపట్టుకుంటే ఫ్లాష్ టార్చిలా వెలుగుతుంది. చీకట్లో తాళం కప్ప వెతికేటప్పుడు ఇలాంటివే గుర్తుంటాయి.

లోపాలూ చెప్పాలి. ఇ71 యూఎస్‌బీ తీగతో చార్జి కాదు, నోకియా సన్నపిన్ను చార్జరే కావాలి. ఇయర్‌ఫోన్‌కు 2.5 మిల్లీమీటర్ల రంధ్రం, మామూలు 3.5 జాక్ పట్టదు. జీ1లో అదీ లేదు, పాటలు వినాలంటే యూఎస్‌బీ రంధ్రానికి ప్రత్యేక తీగ తగిలించాలి. దూర ప్రయాణాల్లో పాటలు ముఖ్యమైతే మామూలు జాక్ ఉన్న బోల్డ్ వైపు మొగ్గండి.

బోల్డ్ మెయిల్ గురించి ఒక మాట. అప్పట్లో బ్లాక్‌బెర్రీ ఫోన్ మెయిల్ వచ్చిందా అని మాటిమాటికీ అడిగేది కాదు. సర్వరే మెయిల్‌ను కుదించి ఫోన్‌కు తోసేది. సిగ్నల్ ఒక్క గీత ఉన్న కొండదారిలో కూడా ఎర్ర దీపం మినుకుమనేది, మెయిల్ వచ్చి ఉండేది. బ్యాటరీ నిలవడానికీ ఇది ఒక కారణం. ఇది గతం, ఎందుకో కింద చెబుతాను.

రోజువారీ పనికి

ఇంటా బయటా మామూలు రోజుల్లో అప్పట్లో నాలుగూ సరిపోయేవి, తేడాలు అలవాట్లవి. ఇ71లో రెండు హోమ్ స్క్రీన్లు ఉంటాయి, పని వేళకొకటి, ఇంటికొకటి. పని స్క్రీన్ మీద మెయిల్, ఇంటి స్క్రీన్ మీద అది లేకుండా పెట్టుకున్నాను. సాయంత్రం ఆ ఒక్క మార్పుతో మనసు తేలికయ్యేది. బోల్డ్‌ను అయస్కాంతం ఉన్న తొడుగులో పెడితే అదే గుర్తించి నిద్రపోతుంది. తొడుగులో ఉన్నప్పుడు ఒకలా, బయట ఉన్నప్పుడు ఒకలా మోగేలా పెట్టుకోవచ్చు. ఫొటోలకు బోల్డ్ వద్దు, 2 మెగాపిక్సెళ్లే. ఇ71లోనూ జీ1లోనూ 3.2 మెగాపిక్సెళ్లు, పగటి వెలుగులో పనికొస్తాయి. ట్రియో కెమెరా 0.3 మెగాపిక్సెల్, దాని ఊసెత్తవద్దు.

వెబ్ చదవడానికి అప్పట్లో జీ1ను మించింది లేదు, పేజీ పేజీలా కనిపించింది దాంట్లోనే. అయితే ఆ తొలి ఆండ్రాయిడ్‌లో తెలుగు ఫాంటు లేదు, మన అక్షరాల చోట డబ్బాలు వచ్చేవి. అప్పట్లో మనల్ని ఆదుకున్నది ఒపేరా మినీ అనే బ్రౌజరు. దాని లోపలి సెట్టింగుల్లో క్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమని పెడితే, సర్వరు అక్షరాలను బొమ్మలుగా చేసి పంపేది. కీబోర్డ్ ఫోన్ చిన్న స్క్రీన్ మీద తొలిసారి తెలుగు పేజీ తెలుగుగానే కనిపించిన క్షణం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. గీతలు కాస్త ముతకగా ఉన్నాయి, ఒత్తులు ఒకదాని మీదొకటి ఆనుకున్నాయి. అయినా చివరి వాక్యం దాకా చదివాను.

ఇప్పుడు కొనేవాళ్లకు

వీటిని ఇవాళ మీ ఒకే ఒక్క ఫోన్‌గా పెట్టుకోవద్దు. చాలా దేశాల్లో 2జీ, 3జీ నెట్‌వర్కులు మూతపడ్డాయి, మూతపడుతున్నాయి. ఈ నాలుగింటిలో దేనికీ 4జీ లేదు. నేటి వెబ్‌సైట్లు అడిగే టీఎల్‌ఎస్ 1.2 అనే భద్రతా పద్ధతి వీటికి రాదు, అంచేత బ్రౌజరూ మెయిలూ చాలాచోట్ల గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. 2022 జనవరి 4న బ్లాక్‌బెర్రీ పాత ఫోన్ల సేవలను ఆపేసింది. ఆ తర్వాత ఆ ఫోన్లలో డేటా, కాల్స్, సందేశాలు, చివరికి అత్యవసర కాల్స్ కూడా నమ్మకంగా పనిచేస్తాయని అనుకోవద్దని సంస్థే చెప్పింది. 2021 సెప్టెంబరు 27 నుంచి ఆండ్రాయిడ్ 2.3.7, అంతకు ముందు వెర్షన్లలో గూగుల్ ఖాతాతో లోపలికి వెళ్లడం కుదరదు. జీ1 మొదట ఆన్ చేయగానే ఆ ఖాతానే అడుగుతుంది గనుక, హోమ్ స్క్రీన్ దాకా వెళ్లగలిగే ఫోన్ దొరికితేనే తీసుకోండి.

మరి దేనికి కొనాలి? రాసుకోవడానికి. నెట్ లేని, పిలుపులు రాని, జేబులో పట్టే రాత పలక కావాలంటే ఇవి ఇప్పటికీ గొప్పవి. నేను ప్రయాణాల్లో ఇంగ్లిషు లిపిలో ముక్కలు ముక్కలుగా తెలుగు నోట్సు రాసుకుంటాను. రాసింది బయటికి తేవడమే ఇక్కడ అసలు ప్రశ్న. ఇ71 నుంచి బ్లూటూత్‌తో కంప్యూటర్‌కు పంపవచ్చు, కార్డును తీసి చదవవచ్చు, మధ్యలో ఏ సర్వరూ అక్కర్లేదు. ట్రియోకు ఫోన్‌లోని వివరాలను కంప్యూటర్‌లోకి తెచ్చే హాట్‌సింక్ అనే ప్రోగ్రాం కావాలి, దానికోసం ఒక పాత కంప్యూటర్‌ను కాపాడుకోవాలి. అలా కాపాడుకునే ఓపిక ఉన్నవాళ్లకు ట్రియో చాలా ఇష్టమవుతుంది.

అందుకని, తరచూ దారుల్లో ఉండి ఒంటిచేత్తో రాసుకునేవాళ్లకు ఇ71 అంటాను. కుదురుగా పెద్ద రాతలు రాసేవాళ్లు, నెట్‌వర్క్ అవసరం లేనివాళ్లు బోల్డ్ తీసుకోండి, వేళ్లు దీవిస్తాయి. పుల్లతో గీసి డైరీ నడిపేవాళ్లకు ట్రియో. జీ1ను మాత్రం చరిత్ర కోసం కొనండి. ఇవాళ ప్రపంచమంతా జేబులో మోస్తున్న ఆండ్రాయిడ్ మొదటి అడుగు ఎలా పడిందో చేత్తో పట్టుకుని చూడాలనుకునేవాళ్లకు అది విలువైనది. రోజూ వాడటానికి వద్దు.

బ్యాటరీ దొరకడం కూడా లెక్కలో పెట్టండి. ఇ71లోని బీపీ-4ఎల్ రకమే ఇ63, ఇ72, ఎన్97 వంటి ఎన్నో నోకియాల్లో వాడారు, బోల్డ్ 9000లోని ఎం-ఎస్1 తర్వాతి 9700లోనూ ఉంది. ఒకే రకం చాలా ఫోన్లలో వాడితే ఇన్నేళ్ల తర్వాతా కొత్తది వెతకడం తేలిక. ఫోన్ వెనక మూత పైకి లేచి సరిగా పడకపోతే బ్యాటరీ ఉబ్బిందని అర్థం, దాన్ని చార్జికి పెట్టవద్దు.

వీటికి పాత పెద్ద సైజు సిమ్ కావాలి. నానో సిమ్‌ను చట్రంలో బిగించి పెట్టేటప్పుడు జాగ్రత్త. సిమ్ లేని ఖాళీ చట్రాన్ని ఎప్పుడూ లోపలికి తోయవద్దు. బయటికి లాగేటప్పుడు లోపలి సన్నని లోహపు నాలుకలు చట్రంలో చిక్కి వంగిపోతాయి, తర్వాత ఏ సిమ్మూ పట్టదు.

ఆఖరుగా, కొనేముందు నోట్సు తెరిచి ఏ నుంచి జెడ్ దాకా ఒక్కో మీటా మూడేసిసార్లు నొక్కండి. బోల్డ్, జీ1 అయితే స్క్రీన్ మీద గుర్తును కదిపే చిన్న గోళీ, అంటే ట్రాక్‌బాల్‌ను, నాలుగు వైపులా తిప్పి చూడండి, మురికి పడితే ఒక వైపుకు జారుతూ ఉంటుంది, అది శుభ్రం చేసుకోవచ్చు. జీ1 స్క్రీన్‌ను పదిసార్లు తెరిచి మూయండి, తెరిచి ఉన్నప్పుడు వదులుగా ఊగుతుంటే వదిలేయండి. మీటల మీద అక్షరాలు చెరిగిపోయి ఉంటే భయపడకండి. అది ఎవరో చాలాకాలం ఇష్టంగా రాసిన ఫోన్ అని అర్థం. నొక్కితే అక్షరం రెండుసార్లు పడినా, అసలు పడకపోయినా మాత్రం ఎంత మెరుస్తున్నా ఆ ఫోన్ తీసుకోవద్దు.